బాణం గుర్తు చొక్కా

తప్పు వెతకడం శశికళ ఉద్యోగం. నగరం శివార్లలోని హెబ్బగోడిలో విదేశాలకు చొక్కాలు కుట్టి పంపే కంపెనీ ఒకటుంది. అందులో ఆమె పందొమ్మిదేళ్ళుగా చెకర్. కుట్టడం పూర్తయిన చొక్కా ఆమె ముందుకు వస్తుంది. కాలరు, భుజాలు, చంకలు, జేబు, గుండీలు, కింది అంచు, ఈ వరసలో కళ్ళూ చేతులూ ఒక్క చుట్టు తిరుగుతాయి. ఎక్కడైనా కుట్టు తప్పినా, దారం తేలినా, పిసరంత నూనె మరక కనబడినా, గోరంత ఎర్ర బాణం స్టిక్కరు తీసి అక్కడ అంటిస్తుంది. బాణం పడిన చొక్కా బుట్టలోకి పోయి, బాగుపడి తిరిగి వస్తుంది. బాణం లేనిది పాసయిన దొంతరలో చేరి, పెట్టెకెక్కి, ఓడెక్కి, శశికళ పేరు కూడా వినని ఊళ్ళకు పోతుంది. చెప్పుకోవడానికి పని ఇంతే. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నిలబడి గంటకు అరవై చొక్కాలు చూడమంటే తెలుస్తుంది ఎంతో.

బాణం అంటించడంలో ఆమెకో పద్ధతి ఉంది. అందరూ బాణం మొనను తప్పు మీదికే ఆనిస్తారు. శశికళ మాత్రం బొటనవేలి వెడల్పు ఎడం వదులుతుంది. జిగురు తప్పు మీదే పడితే, తిరిగి కుట్టేటప్పుడు సూదికి అంటుకుని ఇంకో తప్పు పుడుతుందని పని నేర్పిన భాగీరథమ్మ మొదటి రోజే చెప్పింది. భాగీరథమ్మ పని మానేసి సొంతూరు చింతామణి వెళ్ళిపోయి చాలా ఏళ్ళయింది. ఆమె చెప్పిన మాట ఫ్లోర్ మొత్తానికీ ఒక్క శశికళ చేతిలోనే మిగిలింది.

నాలుగో టేబుల్ దగ్గర ఆమెకు జోడీ మార్త. ఒక్కో టేబుల్‌కు ఇద్దరు చెకర్లు. మధ్యలో ఇద్దరికీ కలిపి పాసయిన చొక్కాల దొంతర, చెరో చివర చెరో బుట్ట. శశికళది కుడి చోటు, కాబట్టి ఆమె బుట్ట కుడిచేతి పక్కన ఉంటుంది. మార్తది ఎడమ చోటు, ఆమె బుట్ట ఎడమచేతి పక్కన. ఏ చోటులో ఎవరు నిలబడతారో రిజిస్టర్‌లో రాసి ఉంటుంది. ఏ చొక్కాను ఏ చోటులో చూశారో దాని లోపలి చీటీ మీద అంకె ఉంటుంది. మార్త ముప్పై దాటిన మనిషి, కుప్పం వైపు నుంచి వచ్చింది, శశికళను అక్కా అంటుంది. తొమ్మిదేళ్ళుగా మధ్యాహ్నం ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చుని డబ్బాలు విప్పుకునేవాళ్ళు.

ఆగస్టులో ఒక శనివారం శశికళకు మెడ పట్టేసింది. కుడి చోటు మీద సరిగ్గా ఫ్యాను తిరుగుతుంది. ఆ గాలి మెడకు తగిలినప్పుడల్లా సూదులు గుచ్చినట్టుంది.

"ఈ ఒక్క రోజుకీ నువ్విట్లా రా మార్తా, నేనా పక్క నిలబడతా. ఈ గాలి నా ప్రాణం తీస్తా ఉండాది" అంది శశికళ.

"దానికేమక్కా, రా" అని మార్త జరిగింది. సూపర్‌వైజరును అడగాలని గానీ రిజిస్టర్‌లో దిద్దించాలని గానీ ఇద్దరికీ తోచలేదు. షిప్‌మెంట్ రోజు. అడిగినా తిట్లే మిగిలేవి.

పదకొండు గంటలప్పుడు తెల్ల చొక్కా ఒకదాని జేబు మూల ఒక్క కుట్టు తప్పి ఉండడం శశికళ చూసింది. ఎడం వదిలి బాణం అంటించింది. పందొమ్మిదేళ్ళ అలవాటు ప్రకారం చేయి దాన్ని కుడి వైపు వేసింది. ఆ రోజు కుడి వైపు ఉన్నది బుట్ట కాదు, పాసయిన దొంతర. అంతలోనే గమనించింది కూడా. తీద్దామని చేయి చాచేలోపు ప్యాకింగ్ వాళ్ళు దొంతర ఎత్తుకుపోయారు. వాళ్ళు మడత పెట్టేటప్పుడు చూస్తారులే అనుకుంది. షిప్‌మెంట్ రోజు ప్యాకింగ్‌లో ఎవరి కళ్ళు వాళ్ళవి కావని ఆమెకు తెలుసు. అయినా చూస్తారులే అనుకుంది, ఇంకో చొక్కా అందుకుంది.

నవంబర్ మొదట్లో ఆ చొక్కా లిస్బన్‌లో తేలింది. ఎవరో అమ్మాయి, బట్టలు వేసుకుని వీధుల్లో నడుస్తూ వీడియోలు పెట్టడమే పనిగా ఉన్న అమ్మాయి, దాన్ని కొనుక్కుంది. జేబు దగ్గర ఎర్ర బాణం చూసి అదీ చొక్కాలో భాగమే అనుకుంది. కెమెరాకు దగ్గరగా వచ్చి, "ఈ చొక్కా నాకేదో చూపిస్తోంది, ఏమై ఉంటుందంటారు?" అని అడిగింది. పదకొండు సెకన్ల వీడియో. బాణం మొన దేన్నీ తాకడం లేదు మరి, ఎవరికి తోచింది వాళ్ళు చెప్పారు. గుండె అన్నారు కొందరు, ఖాళీ జేబు అన్నారు కొందరు. అది ఒక ఆటలా పాకింది. సియోల్‌లో కుర్రాళ్ళు కోట్ల మోచేతులకు బాణాలు అంటించుకున్నారు. లాగోస్‌లో ఒకాయన టోపీ నిండా అంటించుకుని బజారంతా నడిచాడు. సావోపాలోలో స్కేటింగ్ చేసే అమ్మాయిలు మోకాళ్ళకు అంటించుకున్నారు. లోకానికి పని లేకపోతే ఎంత కలిసికట్టుగా ఉంటుందో ఇలాంటప్పుడే తెలుస్తుంది.

శశికళకు దాన్ని చూపించింది కూతురు అర్చన. బీకామ్ రెండో ఏడు చదువుతోంది. "అమ్మా, ఇది మీ కంపెనీ స్టిక్కరు మాదిరే ఉండాది చూడు" అంటూ ఫోను ముందుకు పెట్టింది.

శశికళ చూసింది. లోకమంతా బాణం దేన్ని చూపిస్తోందని వాదించుకుంటోంది, ఆమెకు మాత్రం జేబు మూల తప్పిన కుట్టు స్పష్టంగా కనబడింది. బాణానికీ కుట్టుకీ మధ్య ఎడమూ కనబడింది. "ఏమో తల్లీ, అన్ని కంపెనీల్లోనూ ఇవే ఉంటాయి" అని అన్నం వడ్డించడానికి లేచింది.

వీడియో ఇంకా పూర్తిగా పాకకముందే చొక్కాలు కొనే విదేశీ కంపెనీ దాన్ని చూసింది. అప్పటికి వాళ్ళకు ఫ్యాషన్ కనబడలేదు, తప్పు గుర్తుతో అంగడికెక్కిన సరుకు కనబడింది. బాధ్యులెవరో తేల్చి చర్య తీసుకోవాలని ఘాటుగా రాశారు. చొక్కా లోపలి చీటీ మీద ఉన్న తేదీ, టేబుల్, చోటు అంకెలను బట్టి చూస్తే నాలుగో టేబుల్, ఎడమ చోటు అని తేలింది. రిజిస్టర్‌లో ఆ చోటు మార్తది.

విచారణ క్వాలిటీ మేనేజరు రాజగోపాల్ గదిలో జరిగింది. రాజగోపాల్ వాళ్ళది నగరత్‌పేటలో తాతల నాటి నుంచి బట్టల వ్యాపారం చేసిన కుటుంబం. మనిషి చెడ్డవాడు కాదు. కాగితం మీద ఏముందో దాన్ని నమ్మడమే న్యాయమనుకునే రకం.

"ఆ రోజు ఆ చోట్లో నేను లేను సార్" అంది మార్త. "అక్కకు మెడ నొప్పి అంటే మార్చుకుంటిమి. అక్కనే అడగండి."

మార్త ధైర్యంగానే అంది. అక్క పక్కనే నిలబడి ఉంది కదా.

రాజగోపాల్ శశికళ వైపు తిరిగాడు. "ఏమమ్మా, మార్చుకుంటిరా?"

ఆ ఒక్క నిమిషంలో శశికళ మనసులో చాలా నడిచాయి. తనకు నలభై మూడేళ్ళు. నలభై దాటిన చెకర్‌ను, కళ్ళు మందగించి ఉంటాయని, ఇంకో కంపెనీ గేటు లోపలికి కూడా రానివ్వదు. అర్చన చదువు ఇంకో ఏడాదిన్నర ఉంది. మార్త చిన్నది, చేయి చురుకు, ఎక్కడైనా పని దొరుకుతుంది. ఇవన్నీ నిజాలే. వీటిలో ఏదీ రాజగోపాల్ అడిగిన ప్రశ్నకు జవాబు కాదు.

"నాకు గ్నాపకం లేదు సార్" అంది శశికళ.

మార్త ఆమె వైపు తిరిగి చూసింది. కోపంగా కాదు. తను సరిగ్గా విన్నానా లేదా అన్నట్టు చూసింది.

మార్తను ఆ వారమే తీసేశారు. ఒక్క తప్పు చొక్కాకు అయితే ఒక మెమోతో పోయేదేమో. కానీ ఉత్తరువులో ఇంకో మాట రాశారు, విచారణను తప్పుదోవ పట్టించి తోటి కార్మికురాలి మీద నింద మోపినందుకు అని. ఆ మాటే ఆమె కొంప ముంచింది. ఆ చుట్టుపక్కల కంపెనీలన్నీ ఒకదాన్నొకటి ఫోనులో అడిగి తెలుసుకుంటాయి. తప్పు చేసిన చెకర్‌ను తీసుకుంటారు గానీ తప్పు పక్కవాళ్ళ మీదికి నెట్టే చెకర్‌ను ఎవరూ తీసుకోరు. మార్త మూడు కంపెనీలు తిరిగి, హెబ్బగోడిలో గది ఖాళీ చేసి, కె.ఆర్.పురంలో ఉన్న అన్న ఇంటికి వెళ్ళిపోయింది.

ఇది జరిగి మూడు వారాలు తిరక్కుండానే బాణం మోజు ఎక్కడికో వెళ్ళిపోయింది. నగరం నడిబొడ్డున చర్చ్ స్ట్రీట్‌లో బాణం లేకుండా తిరిగే కుర్రాడు లేడు. విదేశీ కంపెనీ వాళ్ళకు ఒక్కసారిగా జ్ఞానోదయమైంది. ఘాటు ఉత్తరం రాసిన వాళ్ళే నలభై వేల చొక్కాలకు ఆర్డరు పంపారు, జేబు దగ్గర ఎర్ర బాణంతో సహా. మొన దేన్నీ తాకకూడదు, కొంచెం ఎడం ఉండాలి అని బొమ్మ గీసి మరీ పంపారు.

ఫ్లోర్‌లో నవ్వులే నవ్వులు. నవ్వు అయిపోయాక చిక్కు మొదలైంది. ఏ తప్పూ లేని చొక్కా మీద బాణం అంటించడానికి చెకర్లకు చేతులు రాలేదు. అంటించగానే అలవాటుగా బుట్టలోకి వేసేవాళ్ళు. మొదటి రోజు మంచి చొక్కాలన్నీ బుట్టల్లో గుట్టలు పడ్డాయి, నిజంగా తప్పున్నవి పెట్టెల్లోకెక్కాయి. చివరికి అసలు తప్పుకు పచ్చ బాణం అని నిర్ణయించి ఒడ్డున పడ్డారు. శశికళ ఆ ఎర్ర బాణాలను బొమ్మ వైపు చూడకుండానే, అదే బొటనవేలి ఎడంతో పెట్టేది. ఆమె పక్కన మార్త చోట్లో కొత్తమ్మాయి నిలబడింది, పొద్దస్తమానం మాట్లాడుతుంది, శశికళ ఊ కొడుతుంది.

డిసెంబర్‌లో ఆ విదేశీ కంపెనీ వాళ్ళే ఒక కుర్రాణ్ణి వీడియో తీయడానికి పంపారు. పేరు అభిషేక్. బ్రూక్‌ఫీల్డ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, శని ఆదివారాలు చర్చ్ స్ట్రీట్‌లో రకరకాల బట్టలు తొడుక్కుని అటూ ఇటూ నడవడం. రెండోదానికే పేరు వచ్చింది. అతను వేసుకున్న ప్యాంటు ఒక్కో కాలిలో ఇద్దరు దూరేంత ఉంది. చెప్పుల మీద బాణం, ఫోను వెనక బాణం, చెవి కింద ఒక బాణం. అయినా మర్యాద తెలిసిన పిల్లవాడే. అందరికీ నమస్కారం పెట్టి, టీ తెచ్చిచ్చిన ఆమెకు థాంక్స్ ఆంటీ అన్నాడు.

అతను టేబుళ్ళ మధ్య తిరుగుతూ తీశాడు. శశికళ దగ్గర ఆగాడు. "ఆంటీ, నార్మల్‌గా ఈ ఆరో, అదే ఈ బాణం, ఎక్కడ పెట్టాలో ఎలా డిసైడ్ చేస్తారు?"

"తప్పు ఉండే చోట పెడతాం నాయనా."

"వావ్" అన్నాడు అభిషేక్. అందులో వావ్ ఏముందో ఆమెకు అర్థం కాలేదు. అతను అందరి వైపూ తిరిగి గొంతు పెంచాడు. "ఓకే, అందరికీ ఒక క్వశ్చన్. ఆ ఫస్ట్ షర్ట్, లిస్బన్ షర్ట్, దాని మీద ఆరో పెట్టింది ఎవరు? ఇక్కడే ఉన్నారా?"

ఫ్లోర్ అంతా ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. అందరికీ తెలిసిన జవాబు మార్త. మార్త లేదు. రాజగోపాల్ ముందుకొచ్చి, అందరూ కలిసి చేసే పని అండీ ఇది, అని ఏదో అనబోయాడు.

"నేనే" అంది శశికళ.

నెల రోజులుగా గొంతులో అడ్డం పడి ఉన్న మాట అది. రెండో మాట కూడా సిద్ధంగానే ఉంది. మార్త కాదు, మార్తది ఏ తప్పూ లేదు అనేది ఆ రెండో మాట. నోరు తెరిచింది కూడా. అంతలో చప్పట్లు మొదలయ్యాయి. ముందు అభిషేక్ కొట్టాడు, తర్వాత ఆఫీసు వాళ్ళు, తర్వాత, ఆఫీసు వాళ్ళు కొడుతున్నారు కాబట్టి, ఫ్లోర్ మొత్తం. ఆ హోరులో రెండో మాట చెప్పాలంటే అరవాలి. అరవలేదు.

"ఆంటీ, సూపర్! ఒక్కసారి మళ్ళీ చెప్తారా? లైటింగ్ సరిగ్గా పడలేదు. కొంచెం స్మైల్ చేస్తూ, నాచురల్‌గా."

రెండోసారి చెప్పేటప్పుడు ఫ్లోర్ నిశ్శబ్దంగా ఉంది. ఏం చెప్పినా వినబడేది. శశికళ నవ్వుతూ, "నేనే" అంది. అక్కడితో ఆపింది. ఆ నవ్వును ఆమె తర్వాత ఎన్నిసార్లు తలుచుకుని సిగ్గుపడిందో చెప్పలేం.

ఆ వీడియోను వారంలో ముప్పై లక్షల మంది చూశారు. చొక్కాలకు తగిలించే అట్టముక్క మీద శశికళ ఫోటో వేస్తామని విదేశీ కంపెనీ రాసింది. పందొమ్మిదేళ్ళలో ఎన్నడూ పైకి పిలవని వాళ్ళు పిలిచి, ఒకటో తారీఖు నుంచి నువ్వు సూపర్‌వైజరు అన్నారు. శశికళ ఆ కాగితం చేతిలో పట్టుకునే రాజగోపాల్ గదికి వెళ్ళింది.

"సార్, ఆ చొక్కా నాది అంటే, మార్తది కాదని కదా."

రాజగోపాల్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "తెలిసింది లేమ్మా. నాకూ బేజారే. ఫైలు ముగిసిపోయింది ఇప్పుడు. కావాలంటే వచ్చి కొత్తగా చేరమను, నేను చూసుకుంటా."

"తొమ్మిదేళ్ళ సర్వీసు సార్."

"కొత్తగా అంటే కొత్తగానే కదమ్మా. అంతకన్నా నా చేతిలో లేదు."

ఆదివారం శశికళ రెండు బస్సులు మారి కె.ఆర్.పురం వెళ్ళింది. మార్త అన్న ఇల్లు స్టేషన్ వెనక సందులో ఉంది. తలుపు తెరిచే ఉంది. గుమ్మం లోపల నేల మీద మార్త కూర్చుని ఉంది. ఒక పక్క ఫుట్‌పాత్ మీద అమ్మే పాత చొక్కాల కుప్ప, ఒళ్ళో ఎర్ర బాణాల చుట్ట. చొక్కా తీయడం, చేతికి వచ్చిన చోట బాణం అంటించడం, పక్కన పడేయడం. స్టేషన్ దగ్గర చొక్కాలమ్మే మస్తాన్ ఇచ్చిన పని అది. కొత్త ఫ్యాషన్ కదా, బాణం ఉంటేనే అమ్ముడవుతున్నాయట.

మార్త తలెత్తి చూసి, "రాండి" అంది. అక్కా అనలేదు. చాప జరిపింది.

శశికళ కూర్చుంది. కొత్తగా చేరవచ్చని రాజగోపాల్ అన్న మాట చెప్పింది.

మార్త చేతిలో పని ఆపలేదు. "వీడియో చూస్తి" అంది. "బాగా నవ్వినారు."

"మార్తా..."

"ఆ పొద్దు సార్ అడిగితే గ్నాపకం లేదంటిరి. కెమెరా ముందర పెడితే గ్నాపకం వచ్చిందే, అదెట్లా? నాకు అదొక్కటే తెలీలా. రోజూ ఆలోచిస్తా ఉండా."

శశికళకు ఏడుపు వచ్చింది. ఏడిస్తే మార్త ఓదార్చాల్సి వస్తుంది, ఆ మాత్రం అన్యాయం చేయకూడదనిపించి పళ్ళు బిగించింది.

"భయపడితి మార్తా. అంతే. గ్నాపకం అప్పుడూ ఉండింది."

మార్త చేయి అప్పుడు ఆగింది. చుట్టలోంచి సగం ఊడిన బాణాన్ని తిరిగి చుట్టకే అంటించింది.

"నాకు ఆ పని వద్దు" అంది. "కొత్తగా చేరేది వద్దు. నేను అబద్ధం చెప్పినానని రాసినారు కదా, అది కొట్టేయాల. తప్పు చొక్కా పోయిందంటే మా అన్న ఏమీ అనుకోలా, చేతిపని కదా, అవుతాది అన్నాడు. పక్కదాని మీదికి తోసినావంట కదా అంటే నేను ఏం చెప్పేది? ఆ మాట ఎవురు రాసినారో వాళ్ళే కొట్టేయాల."

"దానికి నేనేం చేయాల, చెప్పు."

మార్త లోపలికి వెళ్ళి అన్న కూతురి నోటు పుస్తకంలోంచి ఒక కాగితం చింపుకొచ్చింది, పెన్ను కూడా తెచ్చింది. "ఆ రోజు ఏం జరిగిందో రాయండి. విచారణలో ఏం చెప్పినారో అదీ రాయండి."

శశికళ రాసింది. చోట్లు మార్చుకున్న సంగతి గబగబా రాసింది. అబద్ధం చెప్పాను అనే మాట దగ్గర పెన్ను చాలాసేపు ఆగింది. అబద్ధం బదులు పొరపాటు అని రాస్తే ఎలా ఉంటుందా అని కూడా ఆలోచించింది. మార్త పక్కనే నిలబడి చూస్తోంది. శశికళ అబద్ధం అనే రాసింది. కింద సంతకం పెట్టి తేదీ వేసింది.

సోమవారం పది గంటలకు మార్త ఆ కాగితం తీసుకుని కంపెనీకి వచ్చింది. పదిన్నరకు శశికళను పైకి పిలిచారు. గదిలో రాజగోపాల్, ఒక పక్క కంప్యూటర్ ముందు గుమాస్తా, గోడ దగ్గర కుర్చీలో మార్త. బల్ల మీద నోటు పుస్తకం కాగితం, దాని పక్కనే శశికళ ఫోటోతో అచ్చు వేయించిన అట్టముక్క నమూనా. ఫోటోలో ఆమె నవ్వుతోంది.

రాజగోపాల్ ఆమెను కూర్చోమన్నాడు. ఎంతో నెమ్మదిగా మాట్లాడాడు. "ఇది ఫైల్లో పెడితే విచారణ మళ్ళీ తెరవాల శశికళమ్మా. అబద్ధపు సాక్ష్యం అంటే సూపర్‌వైజరు పని పోతాది. ఇప్పుడుండే పని కూడా నిలబడతాదని నేను చెప్పలేను. ఆ కంపెనీ వాళ్ళు ఈ ఫోటో వెయ్యరు. ఒకసారి బాగా ఆలోచించు. నిన్న నువ్వు వాళ్ళింటికి పోయినావు. ఆమె కష్టంలో ఉండాది, నీకు జాలేసింది, ఆమె రాయమంటే రాసిచ్చినావు. అట్లా అంటే ఇది ఇంతటితో చించేస్తా. ఎవురికీ ఏమీ కాదు."

మార్త గోడ దగ్గర కదలకుండా కూర్చుంది. వెనకటిసారి శశికళ వైపు చూసినట్టు ఈసారి చూడలేదు. నేల చూస్తూ కూర్చుంది. ఈ మనిషి ఏం చెబుతుందో అని ఆశపడడం ఆమె మానేసినట్టు కనబడింది. శశికళ తల తిప్పి చూసింది, ఆ ముఖం చూడలేకపోయింది.

అర్చన గుర్తొచ్చింది. నలభై మూడేళ్ళు గుర్తొచ్చాయి. ఏవీ మారలేదు, ఆ రోజు ఉన్న కారణాలన్నీ ఈ రోజూ అలాగే ఉన్నాయి. ఇంకో రెండు కొత్తవి కూడా చేరాయి.

"అడుగుతా ఉండా" అన్నాడు రాజగోపాల్. గుమాస్తా వేళ్ళు మీటల మీద పెట్టాడు. "ఆ శనివారం మీరిద్దరూ చోట్లు మార్చుకుంటిరా?"

"మార్చుకుంటిమి సార్" అంది శశికళ. "నేనే అడిగినా. నా మెడ నొప్పికి ఆమె జరిగింది. ఆ చొక్కా నా చేత్తో నేనే పాస్‌లో వేసినా, వేసినానని అప్పుడే తెలుసు. ఆ పొద్దు ఈ గదిలో అబద్ధం చెప్పినా. ఆమె రాయమంది నిజమే. రాసింది కూడా నిజమే."

గుమాస్తా అదంతా టైపు చేశాడు. రాజగోపాల్ అట్టముక్కను తిరగేసి బల్ల మీద పెట్టాడు. విచారణ తిరిగి తెరుస్తున్నామని, మార్త మీద రాసిన మాట తీసేస్తామని, తీర్పు వచ్చేదాకా శశికళ పనిలోకి రావద్దని వరసగా చెప్పాడు. చెబుతున్నంతసేపూ కాగితం వైపే చూశాడు.

"నేను మొదట చెప్పిందీ ఇదే కదా సార్" అంది మార్త. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. మూడు కంపెనీల గేట్ల ముందు ఏడవనిది, అన్న అడిగినప్పుడు ఏడవనిది, అక్కడ కుర్చీలో ముందుకు వంగి చిన్నపిల్లలా ఏడ్చింది.

శశికళ లేచి రెండడుగులు వేసింది. తొమ్మిదేళ్ళ అలవాటు కొద్దీ చేయి మార్త భుజం మీదికి వెళ్ళింది. తాకే హక్కు తనకు లేదని తోచి ఆగిపోయింది. మార్త ఏడుపు ఆగేదాకా అలాగే పక్కన నిలబడి, తర్వాత తన డబ్బా, చెప్పులు తెచ్చుకోవడానికి కిందికి వెళ్ళింది.